చెవిలో దురద, ఇప్పుడు పోటు కూడా: ఏ చుక్కలు వెయ్యాలి?

తూనీగ88
కుడి చెవిలో చాలాకాలంగా దురద. మొదట్లో ఎప్పుడో ఒకసారి ఉండేది, ఇప్పుడు పడుకునేసరికి మొదలై నిద్ర పట్టనివ్వట్లేదు. దూదిపుల్ల పెట్టి తిప్పితే ఆ నిమిషానికి హాయిగా ఉంటుంది, కాసేపటికే రెట్టింపై తిరిగొస్తుంది. ఈ మధ్య దురదతో పాటు పోటు కూడా మొదలైంది. చెవి దిబ్బడ వేసినట్టుంది, కుడిపక్క నుంచి ఎవరైనా మాట్లాడితే సగం వినపడట్లేదు. ఇంట్లో యాంటీబయాటిక్ చుక్కల మందు ఉంటే వేశాను. మొదట తగ్గింది, తర్వాత దురద ఇంకా ఎక్కువైంది. ఒకరు నూనె అంటారు, ఒకరు పెరాక్సైడ్ అంటారు, ఒకరు గులిమి తీయించుకో అంటారు. అసలు కారణం ఏమై ఉంటుంది? ఏం వెయ్యాలి?

పెరటిమొక్క
గోరువెచ్చని నూనె రెండు చుక్కలు వేసి పక్కకి తిరిగి పడుకోండి. మా ఇంట్లో అందరికీ ఇదే వైద్యం. లోపల చర్మం ఎండిపోతే దురద వస్తుంది, నూనె తగిలితే పోతుంది. దీనికి డాక్టర్ దాకా ఎందుకు?

రాత్రిబండి
పెరటిమొక్క గారూ, దురద ఒక్కటే అయితే మీరన్నది ఒప్పుకుందును. పోటు ఉంది, వినికిడి తగ్గింది, చుక్కలు వేశాక ఎక్కువైంది అంటున్నారు కదా. లోపల ఏముందో ఎవరూ చూడకుండా నూనె ఎలా పొయ్యమంటారు?

పెరటిమొక్క
మా పెద్దవాళ్లంతా పోసుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు.

వానచినుకు
నాది అచ్చం ఇదే కథ. దురద, గోకుడు, దిబ్బడ. డాక్టర్ చూసి ఫంగస్ అన్నారు. మిషన్‌తో లాగి శుభ్రం చేసి ఫంగస్ చుక్కలు రాశారు, తగ్గిపోయింది. తూనీగ గారూ, ముందు చూపించుకోండి.

ఇఎన్‌టి_పీజీ
చెవి, ముక్కు, గొంతు విభాగంలో పీజీ చేస్తున్నాను. చెవిలోకి చూడకుండా ఇదీ జబ్బు అని చెప్పను. కానీ తూనీగ గారు రాసిన వరుస ఓపీలో తరచూ వింటాం. ముందు దురద, తర్వాత పుల్ల పెట్టి గోకడం, తర్వాత యాంటీబయాటిక్ చుక్కలు, కొద్దిరోజుల ఊరట, మళ్లీ ఇంకా ఎక్కువ దురద, దిబ్బడ. ఇది వినగానే మాకు మొదట అనుమానం వచ్చేది ఫంగస్ మీదే. ఓటోమైకోసిస్ అంటాం. ఎక్కువగా ఆస్పర్‌జిల్లస్, కాండిడా అనే రకాల వల్ల వస్తుంది. స్కోపుతో చూస్తే తడిసిన కాగితం ముద్దలా తెల్లగా, మధ్యలో నల్లటి చుక్కలతో కనిపిస్తుంది. ఆ ముద్దే దారిని మూసేస్తుంది కాబట్టి వినికిడి తగ్గుతుంది.

యాంటీబయాటిక్ వేస్తే ఎందుకు పెరిగింది అన్నది ముఖ్యం. చెవి చర్మం మీద బ్యాక్టీరియా, ఫంగస్ కొద్దికొద్దిగా ఎప్పుడూ ఉంటాయి. బ్యాక్టీరియాని మందు చంపేస్తే ఫంగస్‌కి పోటీ ఉండదు. పైగా చాలా చుక్కల మందుల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ వాపునీ దురదనీ అణిచేస్తుంది, అందుకే మొదట్లో పనిచేసినట్టు అనిపిస్తుంది. లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

నూనె గురించి. గట్టిపడ్డ గులిమిని మెత్తబరచడానికి ఆలివ్ నూనె కానీ సోడియం బైకార్బనేట్ చుక్కలు కానీ మేమూ వాడమంటాం. దానికి రెండు షరతులు. కర్ణభేరికి చిల్లు ఉండకూడదు, లోపల ఇన్‌ఫెక్షన్ ఉండకూడదు. ఈ రెండూ ఇంట్లో కూర్చుని తెలుసుకోలేం. తూనీగ గారి చెవిలో ఇప్పుడు నూనె వద్దు, పెరాక్సైడ్ వద్దు, మిగిలిన పాత చుక్కలు కూడా వద్దు.

పెరటిమొక్క
షరతులు చెప్పారు కాబట్టి సరే. గులిమికి నూనె పనికొస్తుందని మీరే అన్నారు, నేను చెప్పింది పూర్తిగా తప్పు కాదన్నమాట.

ఇఎన్‌టి_పీజీ
గులిమికి పనికొస్తుంది. ఫంగస్‌కి పనికిరాదు. బయట నుంచి చూస్తే రెండూ దిబ్బడలాగే ఉంటాయి, గొడవంతా అక్కడే.

తెల్లకాగితం
నాకు అర్థం కానిదల్లా ఒకటే. దూదిపుల్ల వద్దు అంటారు, మరి గులిమి తియ్యకుండా ఎలా? రోజూ స్నానం చేసినట్టే చెవీ శుభ్రం చేసుకోవాలి కదా. నేను రోజూ చేస్తాను, నాకు ఏ సమస్యా లేదు.

గాలిమర
గులిమి మురికి కాదు సార్. చెవికి అదే కాపలా. అది ఉంటేనే నీళ్లు లోపల చర్మానికి అంటవు, దుమ్ము, పురుగులు లోపలికి పోవు. దాని పుల్లటి గుణం వల్ల క్రిములు పెరగవు. రోజూ తుడిచేస్తే చర్మం పొడిబారి దురద మొదలవుతుంది. దురద వచ్చిందని మళ్లీ పుల్ల పెడతారు.

తెల్లకాగితం
అది కొత్తగా వింటున్నా. మరి లోపల పేరుకుపోదా?

ఇఎన్‌టి_పీజీ
చెవి గొట్టం పొడవు పెద్దవాళ్లలో సుమారు 2.5 సెంటీమీటర్లు. గులిమి తయారయ్యే గ్రంథులు బయటి మూడోవంతు భాగంలోనే ఉంటాయి. లోపలి రెండు వంతుల్లో ఎముకను అంటిపెట్టుకుని చాలా పలచటి చర్మం ఉంటుంది, అక్కడ గులిమి పుట్టదు. మరి కర్ణభేరి పక్కనే గులిమి గడ్డ ఎలా కనిపిస్తుంది? ఎక్కువసార్లు పుల్ల దాన్ని అక్కడికి నెట్టింది కాబట్టి.

మామూలుగా చెవి చర్మం కర్ణభేరి దగ్గర నుంచి బయటి వైపుకి మెల్లగా జరుగుతూ ఉంటుంది. మాట్లాడేటప్పుడు, నమిలేటప్పుడు దవడ కదలిక దానికి సాయం చేస్తుంది. పాత గులిమి, రాలిన చర్మం వాటంతటవే అంచుకి వచ్చేస్తాయి. అంచుకి వచ్చినదాన్ని తడిగుడ్డతో తుడుచుకోండి, అంతే చాలు. కొందరికి మాత్రం గొట్టం ఇరుకుగా ఉండో, వెంట్రుకలు ఎక్కువై ఉండో, వయసు మీదపడి గులిమి గట్టిపడో నిజంగానే పేరుకుంటుంది. వాళ్లు తీయించుకోవాలి.

తెల్లకాగితం
సరే, నా పుల్లల డబ్బా ఇవాళ నుంచి మేకప్ చేసుకునే మా చెల్లికి ఇచ్చేస్తా.

ఈతకొలను
ఈత కొట్టేవాళ్లకి ఇంకో రకం వస్తుంది, అది కూడా ఈ చర్చలో ఉండాలి. నాకు దురద కొద్దిగా ఉండి, ఒక్కసారిగా విపరీతమైన పోటుగా మారింది. చెవి డొప్ప పట్టుకుని లాగితే ప్రాణం పోయేది. దవడ కదిపినా నొప్పే. ఫంగస్ కాదు, బ్యాక్టీరియా. గొట్టం లోపల వాచిపోయి చుక్క కూడా దిగట్లేదని డాక్టర్ సన్నటి స్పాంజి ముక్కలాంటి వత్తి పెట్టి దాని మీద చుక్కలు వేయమన్నారు. ఆ వత్తి మందుని పీల్చుకుని లోపలి దాకా తీసుకెళ్తుంది. మర్నాటికే నొప్పి దిగింది.

నాకు దొరికిన గుర్తు ఏంటంటే, డొప్ప లాగినా, రంధ్రం ముందు ఉండే చిన్న బొడిపెని నొక్కినా నొప్పి పెరిగితే బయటి చెవి సమస్య. జలుబు తర్వాత లోపల బిగిసినట్టు పోటు ఉండి, డొప్ప లాగితే ఏమీ తేడా లేకపోతే మధ్య చెవి.

ఇఎన్‌టి_పీజీ
ఈతకొలను గారి గుర్తు బాగా చెప్పారు, మేము పరీక్షలో చేసేదీ అదే. నూటికి నూరుపాళ్లు కాదు కానీ చాలావరకు దారి చూపిస్తుంది. ఈ బ్యాక్టీరియా రకంలో ఎక్కువగా కనిపించేవి సూడోమోనాస్, స్టెఫైలోకాకస్. దీనికి యాంటీబయాటిక్ చుక్కలే సరైన మందు, మాత్రలు చాలామందికి అక్కర్లేదు. చుక్కల్లో మందు నేరుగా పుండు మీద పడుతుంది కాబట్టి మాత్ర కన్నా ఎన్నో రెట్లు బలంగా పనిచేస్తుంది. సాధారణంగా 7 నుంచి 10 రోజులు వాడమంటాం. చెవి దాటి ముఖం మీదకి వాపు పాకినా, జ్వరం వచ్చినా, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నా అప్పుడు మాత్రలు.

గమనించారా, ఒకరికి యాంటీబయాటిక్ చుక్కలే మందు, ఇంకొకరికి అవే చుక్కలు జబ్బుని పెంచాయి. మా ఇంట్లో పనిచేసింది మీరూ వెయ్యండి అనే సలహా చెవి విషయంలో ప్రమాదం అయ్యేది ఇందుకే.

ఇద్దరుపిల్లలమ్మ
పిల్లల సంగతి కూడా చెప్పండి డాక్టర్ గారూ. మా చిన్నదానికి జలుబు చేసిన ప్రతిసారీ అర్ధరాత్రి చెవిపోటు. ఏడుపు చూడలేం. ఒకసారి చెవిలోంచి చీము కారింది, కారగానే ఏడుపు ఆపేసి నిద్రపోయింది. నాకు భయం వేసి రాత్రంతా మేలుకుని కూర్చున్నా.

ఇఎన్‌టి_పీజీ
ముక్కు వెనక నుంచి మధ్య చెవికి ఒక సన్నటి గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ ట్యూబ్. పిల్లల్లో అది పొట్టిగా, అడ్డంగా ఉంటుంది. జలుబు చేస్తే తేలిగ్గా మూసుకుపోయి కర్ణభేరి వెనక ద్రవం చేరి, చీము పడుతుంది. ఒత్తిడికి కర్ణభేరి ఉబ్బి విపరీతంగా నొప్పి. పడుకుంటే ఆ ఒత్తిడి ఎక్కువవుతుంది, అందుకే రాత్రిళ్లు. చిన్న చిల్లు పడి చీము బయటికి వచ్చేస్తే ఒత్తిడి పోయి పాప నిద్రపోయింది. ఆ చిల్లు చాలామందిలో కొద్దివారాల్లో దానంతటదే పూడుతుంది, కానీ పూడిందో లేదో చూపించుకుని తీరాలి. అప్పటిదాకా నీళ్లు పోనివ్వద్దు.

ముందు చూడాల్సింది నొప్పి. బరువుకి తగ్గ మోతాదులో పారాసిటమాల్, లేదా ఐబుప్రోఫెన్. పిల్లలకి ఆస్పిరిన్ మాత్రం ఇవ్వకూడదు. చిల్లు లేని కర్ణభేరి వెనక ఉన్న చీముకి పైనుంచి వేసే యాంటీబయాటిక్ చుక్కలు చేరవు, అవి ఆ నొప్పికి దండగ.

గాలిమర
యాంటీబయాటిక్ సిరప్ వెంటనే మొదలుపెట్టాలా వద్దా? ఒక డాక్టర్ వెంటనే అన్నారు, ఇంకో డాక్టర్ ఆగుదాం అన్నారు. మేం ఎవరి మాట వినాలి?

ఇఎన్‌టి_పీజీ
ఇద్దరిదీ సరైనదే కావచ్చు, పిల్లల వయసునిబట్టి. ఆరు నెలలలోపు పసివాళ్లకి ఆగడం అంటూ ఉండదు, వెంటనే డాక్టర్. రెండేళ్లు దాటి, నొప్పి ఓ మాదిరిగా ఉండి, జ్వరం 39 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే, నొప్పికి మందిచ్చి 48 నుంచి 72 గంటలు గమనించడం ఒప్పుకున్న పద్ధతే. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోయినా, పెరిగినా యాంటీబయాటిక్, ఎక్కువగా అమాక్సిసిలిన్. చీము కారుతుంటే, రెండేళ్లలోపు పిల్లలకి రెండు చెవులూ పడితే ఆగకుండా ఇస్తాం. ఎన్నాళ్లు వాడమంటే అన్నాళ్లు వాడాలి. చెవి వెనక ఎముక దగ్గర ఎర్రగా వాచి డొప్ప ముందుకి తోసుకొచ్చినట్టు కనిపిస్తే మాత్రం అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇద్దరుపిల్లలమ్మ
చెవి వెనక వాపు సంగతి ఇంతవరకు నాకెవరూ చెప్పలేదు. చాలా థ్యాంక్స్.

ఫార్మసీకౌంటర్
మందుల దగ్గర పనిచేసేవాడిగా ఒక మాట. చెవి నొప్పికి చుక్కలివ్వండి అని రోజూ అడుగుతారు. ఏ చుక్కలు అంటే ఏవో ఒకటి అంటారు. వాటిలో గులిమి కరిగించేవి వేరు, బ్యాక్టీరియావి వేరు, క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్‌వి వేరు, నొప్పి మొద్దుబార్చేవి వేరు, ఇవన్నీ కలిపేసినవి వేరు. కలిపినవి అన్నిటికీ పనికొస్తాయని అనుకోవద్దు. జెంటామైసిన్, నియోమైసిన్ రకం మందులు చిల్లు ఉన్న చెవిలో పడితే లోపలి చెవికి చేరి వినికిడిని దెబ్బతీసే ప్రమాదం ఉంది. అలాంటి చెవికి సిప్రోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ రకం రాస్తారు. నియోమైసిన్ ఇంకో రకంగా కూడా ఇబ్బంది పెడుతుంది, కొందరి చర్మానికి అది పడదు. చుక్కలు వేస్తున్నకొద్దీ చెవి ఎర్రబడి దురద పెరుగుతుంటే ఆ మందే కారణం కావచ్చు.

వానచినుకు
చుక్కలు వేస్తే కళ్లు తిరుగుతాయి నాకు. అందరికీ ఇంతేనా?

ఫార్మసీకౌంటర్
సీసా చల్లగా ఉంటే తిరుగుతాయి. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే భాగం చల్లదనానికి కదిలిపోతుంది. సీసాని కాసేపు అరచేతుల మధ్య పెట్టి ఒంటి వేడికి తెచ్చి వెయ్యండి. వేడినీళ్లలో, మంట మీద పెట్టకండి. పక్కకి తిరిగి పడుకుని, పెద్దవాళ్లయితే డొప్పని పైకీ వెనక్కీ లాగి, చిన్నపిల్లలకి కిందికీ వెనక్కీ లాగి వెయ్యాలి. వేశాక ముందున్న బొడిపెని మెల్లగా నొక్కి వదులుతూ ఉంటే మందు లోపలికి దిగుతుంది. ఐదు నిమిషాలు అలాగే ఉండండి. వెయ్యగానే లేచి కూర్చుంటే మందంతా మెడ మీదే.

వానచినుకు
ఓహో, నా దిండుకి వైద్యం జరిగిందన్నమాట ఇన్నాళ్లూ.

మసకవెన్నెల
ఇన్‌ఫెక్షన్లు లేకుండా ఒట్టి దురద ఉన్నవాళ్ల గురించి ఎవరూ మాట్లాడట్లేదు. నాకు రెండు చెవుల్లోనూ దురద, లోపల సన్నటి పొట్టు రాలుతుంది. చీము లేదు, నొప్పి లేదు. ఫంగస్ మందు వాడినా తేడా లేదు. చివరికి చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్తే తల, కనుబొమ్మలు, ముక్కు పక్కలు చూసి సెబోరిక్ డెర్మటైటిస్ అన్నారు. తలలో చుండ్రుకి ఏది కారణమో చెవిలోనూ అదేనట. తలకి కీటోకొనజోల్ షాంపూ, చెవికి స్టెరాయిడ్ చుక్కలు కొద్దిరోజులు. వస్తూ పోతూ ఉంటుంది, పూర్తిగా పోదు, కానీ అదుపులో ఉంది. చెవి బాధకి మూలం తలలో ఉంటుందని నేనైతే ఊహించలేదు.

పాతగడియారం
సోరియాసిస్ ఉన్నవాళ్లకీ ఇంతే. నాకు మోచేతుల మీద ఉంది, చెవుల్లోనూ ఉంది. డాక్టర్ అడిగేదాకా రెండిటికీ సంబంధం ఉందని తెలియదు.

నీలిమబ్బు
నా దురదకి కమ్మలు కారణం. నికెల్ కలిసిన లోహం నా చర్మానికి పడదు. తమ్మె మొదట దురద పెట్టి, తర్వాత రసి కారేది. నికెల్ లేనివి పెట్టుకుంటే మాయం. జుట్టు రంగు, షాంపూ, హెయిర్ స్ప్రే కూడా చూసుకోండి.

రాత్రిబండి
ఇయర్‌ఫోన్స్ సంగతి? రోజంతా పెట్టుకునే ఉద్యోగం నాది. సాయంత్రానికి లోపల తడితడిగా అనిపించి దురద పెడుతుంది.

ఇఎన్‌టి_పీజీ
లోపలికి దూరే రకం ఇయర్‌ఫోన్స్ గాలి ఆడనివ్వవు. వేడి, చెమట నిలిచి చర్మం మెత్తబడుతుంది, క్రిములకి అదే కావాలి. గులిమి బయటికి వచ్చే దారినీ అడ్డుకుంటాయి. వీలుంటే చెవి మీద కూర్చునే హెడ్‌ఫోన్స్‌కి మారండి. లేదా మధ్యమధ్యలో తీసి గాలి తగలనివ్వండి, సిలికాన్ టిప్పులు తుడిచి ఆరబెట్టండి. వినికిడి మిషన్ పెట్టుకునేవాళ్లకీ ఇదే. ఆ మిషన్‌లో చెవిలోకి దూరే అచ్చు ముక్క పదార్థం పడక దురద వస్తుంటే వేరే పదార్థంతో చేయించుకోవచ్చు, వినికిడి మిషన్ మానెయ్యక్కర్లేదు.

తూనీగ88
అందరి మాటలూ చదివాక ఇవాళ చూపించుకున్నాను. ఫంగస్సే. సన్నటి సక్షన్ గొట్టంతో మైక్రోస్కోప్ కింద శుభ్రం చేశారు. చప్పుడు గట్టిగా ఉంది కానీ నొప్పి పెద్దగా లేదు. వెంటనే వినికిడి వచ్చేసింది. లోపల చర్మం మీద గీతలు పడి ఉన్నాయట. క్లోట్రిమజోల్ చుక్కలు రాశారు, దురద తగ్గగానే ఆపెయ్యొద్దని గట్టిగా చెప్పారు. మధ్యలో మళ్లీ శుభ్రం చేయడానికి రమ్మన్నారు. స్నానం చేసేటప్పుడు దూదికి వ్యాజిలీన్ రాసి చెవి అంచులో పెట్టుకోమన్నారు. షుగర్ పరీక్ష కూడా రాశారు, అది ఎందుకో అడగడం మర్చిపోయాను.

వానచినుకు
హమ్మయ్య! ఇప్పుడిక రాత్రికి చెయ్యి చెవి మీదకి పోకుండా చూసుకోండి. చర్మం మానే రోజుల్లో కూడా దురద ఉంటుంది, నాకు అదే కష్టమైంది. రాత్రి వేసుకోవడానికి డాక్టర్ యాంటీహిస్టమిన్ (అలర్జీ, దురద తగ్గించే) మాత్ర ఇచ్చారు, మీరూ అడగండి.

ఇఎన్‌టి_పీజీ
సంతోషం. శుభ్రం చెయ్యడం సగం వైద్యం. ఆ ముద్ద మీద ఎన్ని చుక్కలు పోసినా కింద చర్మానికి మందు తగలదు.

షుగర్ పరీక్ష ఎందుకంటే, మాటిమాటికీ ఫంగస్ వచ్చేవాళ్లలో కొందరికి తెలియకుండా షుగర్ ఉంటుంది. షుగర్ ఉన్న పెద్దవాళ్లలో చెవి ఇన్‌ఫెక్షన్‌ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. బయటి చెవి ఇన్‌ఫెక్షన్ ఒక్కోసారి చర్మం దాటి పుర్రె అడుగు ఎముకలోకి పాకుతుంది. చూడటానికి చెవి పెద్దగా ఏమీ ఉండదు, నొప్పి మాత్రం నిద్రలోంచి లేపేంత ఉంటుంది. తర్వాత నోరు ఒక పక్కకి లాగుతుంది. దానికి స్కాన్లు, వారాల తరబడి యాంటీబయాటిక్స్ కావాలి.

పాతగడియారం
మా మామగారికి జరిగింది ఇదే. షుగర్ మనిషి. గులిమి అనుకుని ఎక్కడో సిరంజితో నీళ్లు కొట్టించుకున్నారు. కొన్నాళ్లకి పోటు మొదలైంది, పంటి నొప్పి అనుకున్నారు, తలనొప్పి అనుకున్నారు. మేం ఇఎన్‌టి దగ్గరికి తీసుకెళ్లేసరికి ఒక కన్ను సరిగ్గా మూసుకోవట్లేదు. ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. బతికారు, ముఖం చాలావరకు కోలుకుంది. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లు చెవి పోటు అంటే దయచేసి ఆగకండి.

పెరటిమొక్క
ఇది చదివి మనసు కలుక్కుమంది. మా అమ్మకీ షుగర్ ఉంది, అప్పుడప్పుడు చెవి దురద అంటుంది. నూనె వెయ్యను. రేపే చూపిస్తాను.

గాలిమర
మంచి పని పెరటిమొక్క గారూ. నీళ్లతో కడిగించడం కూడా అమ్మగారికి వద్దని డాక్టర్‌కి గుర్తుచెయ్యండి.

చెవికమ్మ
నాకు చెవి నొప్పి నెలల తరబడి. ఇద్దరు డాక్టర్లు చూసి చెవి శుభ్రంగా ఉంది అన్నారు. అంతా నా ఊహ అనుకునే పరిస్థితి వచ్చింది. మరి నొప్పి నిజంగానే ఉంది కదా?

ఇఎన్‌టి_పీజీ
నొప్పి నిజమే. చెవికి వచ్చే నరాలు దవడ, పళ్లు, నాలుక వెనక భాగం, టాన్సిల్, గొంతు, మెడ నుంచి కూడా కబుర్లు మోస్తాయి. అక్కడి నొప్పి చెవిలో ఉన్నట్టు తెలుస్తుంది. చెవి బాగుంటే మేం వెంటనే పుచ్చిన దవడపళ్లు, దవడ కీలు చూస్తాం. చెవి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూసి చూడండి. క్లిక్ మంటూ నొప్పి ఉందా? పొద్దున లేచేసరికి దవడ బిగుసుకుని ఉంటోందా?

చెవికమ్మ
రెండూ ఉన్నాయి! నిద్రలో పళ్లు కొరుకుతానని ఇంట్లో అంటారు.

ఇఎన్‌టి_పీజీ
అయితే ముందు పంటి డాక్టర్‌కి చూపించండి. రాత్రి పెట్టుకునే గార్డు, కాపడం, కొన్నాళ్లు గట్టివి నమలకపోవడం, వీటితో చాలామందికి తగ్గుతుంది. ఇంకో మాట అందరికీ. పొగ తాగే, పొగాకు నమిలే, మద్యం తాగే అలవాటు ఉన్నవాళ్లకి ఒక పక్క చెవినొప్పి వారాల తరబడి తగ్గకుండా, చెవి మాత్రం బాగుంటే గొంతు లోపల స్కోపు వేయించి తీరాలి. గొంతు క్యాన్సర్ మొదటి గుర్తు ఒక్కోసారి చెవినొప్పే. మింగడం కష్టమైనా, గొంతు బొంగురుపోయినా, మెడలో గడ్డ తగిలినా అసలు ఆగొద్దు.

ఈతకొలను
గొంతు అంటే గుర్తొచ్చింది. చెవి గోకితే నాకు దగ్గు వస్తుంది. ఇంట్లో ఎవరూ నమ్మరు.

ఇఎన్‌టి_పీజీ
నమ్మమనండి. గొంతుకి వెళ్లే వేగస్ నరం కొమ్మ ఒకటి చెవి గొట్టానికీ వస్తుంది. అది కదిలితే కొందరికి దగ్గు వస్తుంది. మేం చెవి శుభ్రం చేస్తుంటే దగ్గేవాళ్లు ఉంటారు.

మసకవెన్నెల
చెవిలో కొవ్వొత్తి పెట్టి వెలిగిస్తే గులిమి బయటికి లాగేస్తుందని వీడియోలు వస్తున్నాయి. నిజమేనా?

గాలిమర
వద్దే వద్దు. అది ఏమీ లాగదు, కాలాక కనపడే ముద్ద కొవ్వొత్తి మైనమే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా వీటి గురించి హెచ్చరించింది. వేడి మైనం లోపల పడితే చర్మం కాలుతుంది, కర్ణభేరికి చిల్లు పడొచ్చు.

ఇద్దరుపిల్లలమ్మ
పురుగు దూరితే? మొన్న మా పక్కింటి అబ్బాయి చెవిలో ఏదో దూరి గిలగిల్లాడిపోయాడు.

ఇఎన్‌టి_పీజీ
బతికున్న పురుగు అయితే, చెవికి చిల్లు లేదని తెలిస్తే, గోరువెచ్చని నూనె పోస్తే అది చచ్చి కదలడం ఆగుతుంది. పెరటిమొక్క గారి నూనెకి ఇక్కడ నిజంగా పని ఉంది. తర్వాత డాక్టర్ తీస్తారు, పిన్నీసు పెట్టకండి. గింజ దూరితే నీళ్లు పొయ్యొద్దు, ఉబ్బి ఇరుక్కుంటుంది. చిన్న బటన్ బ్యాటరీ దూరితే ఏ చుక్కలూ వెయ్యకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి. కొద్ది గంటల్లోనే చర్మాన్ని కాల్చేస్తుంది.

పాతగడియారం
డాక్టర్ గారూ, ఇంట్లో చూసుకుంటూ కూర్చోకుండా వెంటనే రావాల్సినవి ఒకచోట రాస్తారా? మా బంధువుల గ్రూపులో పెడతాను.

ఇఎన్‌టి_పీజీ
ఇప్పటికే చెప్పినవి కాక ఇంకొన్ని. ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోతే గులిమి అనుకుని వారం ఆగకండి. లోపలి నరం దెబ్బ అయితే స్టెరాయిడ్ మొదటి రోజుల్లో ఇస్తేనే ఫలితం ఎక్కువ. చెవి మీద, లోపల నీటిపొక్కులు లేచి పోటు పెడితే, ముఖం ఒకపక్క కదలకపోతే హెర్పిస్ జోస్టర్ (ఒంట్లో దాగి ఉన్న చికెన్‌పాక్స్ వైరస్ మళ్లీ లేవడం) కావచ్చు, 72 గంటల్లోపు మందు మొదలైతే మంచిది. తలకి దెబ్బ తగిలి చెవిలోంచి రక్తం కానీ నీళ్లలా పలచటిది కానీ కారితే అత్యవసరం. నొప్పి లేకుండా కంపుకొట్టే చీము నెలల తరబడి కారుతుంటే కూడా చూపించాలి. కొలెస్టియటోమా అని, మధ్య చెవిలో చర్మం పేరుకుని పెరిగే గడ్డ ఎముకని మెల్లగా తినేస్తుంది, నొప్పి లేదు కదా అని చాలామంది వదిలేస్తారు.

నీలిమబ్బు
ఒక చిన్న సందేహం. వచ్చేవారం విమానం ఎక్కాలి, జలుబుగా ఉంది. పోయినసారి దిగేటప్పుడు చెవి పగిలిపోతుందేమో అనిపించింది.

ఈతకొలను
దిగేటప్పుడు నిద్రపోకండి. మింగుతూ, ఆవలిస్తూ ఉండండి. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే చెవి తెరుచుకుంటుంది. గట్టిగా ఊదొద్దు.

ఇఎన్‌టి_పీజీ
అంతే. జలుబు బాగా ఉంటే దిగడానికి కాస్త ముందు ముక్కు దిబ్బడ తగ్గించే స్ప్రే వాడొచ్చు. బీపీ మందులు వాడుతుంటే, గుండె జబ్బు ఉంటే ముందు మీ డాక్టర్‌ని అడగండి. చెవి ఇన్‌ఫెక్షన్ ఉండి విపరీతంగా నొప్పిగా ఉంటే ప్రయాణం వాయిదా వేసుకోవడం మేలు.

నీలిమబ్బు
బీపీ లేదు. స్ప్రే తీసుకుంటా.

ఫార్మసీకౌంటర్
ఆ స్ప్రే నాలుగైదు రోజులకి మించి వాడకండి, మానగానే ముక్కు దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. చుక్కల మందు సీసాల మీద కూడా తెరిచిన తేదీ రాసుకోండి. చాలావాటిని మూత తీసిన నాలుగు వారాలకి పారెయ్యాలి, గడువు తేదీ ఇంకా ఉన్నా సరే.